దవడ కింద బిళ్ల

బిళ్లలాయనకి పేరు లేక కాదు. జీతం కాగితం మీద ఉంది, ఇంటి తలుపు మీదా ఉంది. కాని కబేళాలో చేరిన మూడో ఏటి నుంచీ ఆయన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. మనకి పడిశం పట్టినప్పుడు దవడ కింద వేలితో నొక్కితే గోళీలా తగులుతుందే, దాన్ని బిళ్ల అంటాం. పందికీ అది ఉంటుంది, మనకున్న చోటే ఉంటుంది. వరసలో వేలాడుతూ వచ్చే ప్రతి పందికీ అటొక కోత, ఇటొక కోత పెట్టి, ఆ బిళ్లల్ని తెరిచి చూసి, బాగుంటే ముద్ర వేసి పంపించడం ఆయన ఉద్యోగం. రోజుకి రెండు వందల పందులు, నాలుగు వందల బిళ్లలు, ఇరవై ఆరేళ్లు. అన్ని బిళ్లలు కోసినవాణ్ణి బిళ్లలాయన అనక ఇంకేమంటారు?

పని మాత్రం చూడముచ్చటగా చేసేవాడు. ఎడమ చేతిలో కొక్కెం, కుడి చేతిలో కత్తి, పక్కన సలసల కాగే నీళ్ల డబ్బాలో ఇంకో కత్తి. ఒక పందిని చూడటం అయిపోగానే చేతిలో కత్తి నీళ్లలోకి, నీళ్లలో కత్తి చేతిలోకి. గొలుసు ఒకదాని వెనక ఒకటిగా పందుల్ని తెస్తూనే ఉంటుంది, ఆగమంటే ఆగదు. కొత్తగా చేరినవాళ్లు రెండు గంటలకే భుజం పీకేస్తోందని గోల పెడతారు. ఈయన మధ్యాహ్నం దాకా నిలబడి, కబుర్లు చెబుతూనే కోసేవాడు. "చూడక్కర్లేదురా, బిళ్ల మంచిదైతే కత్తికే తెలుస్తుంది, వెన్నలో దిగినట్టు దిగుతుంది," అని గొప్పలు పోయేవాడు. "అవునవును, నువ్వు కళ్లు ఇంటి దగ్గర పెట్టొచ్చినా మాకు ఇబ్బంది లేదు," అని వరస మేస్త్రీ వెక్కిరించేవాడు. అవి తలెత్తుకుని నవ్వగలిగిన రోజులు.

కత్తికి తెలుస్తుందన్న మాట మాత్రం కోతలు కాదు. మంచి బిళ్ల తడిగా, లేత గులాబీ రంగులో ఉంటుంది. క్షయ పట్టిన బిళ్ల కోస్తే లోపల పచ్చపచ్చగా, విరిగిన పాలు గడ్డకట్టి ఎండినట్టు పొడిపొడిగా ఉంటుంది, మధ్యలో సున్నపు పలుకులు ఉంటాయి. కత్తి కింద కరకరమంటుంది. ఆ చప్పుడు వినబడితే ఎర్ర తాడు లాగి వరస ఆపాలి. ఆ తలనీ పేగుల్నీ ఎవరూ తినకుండా నీలం రంగు పోసి పారేయాలి. పంది భుజం మీద పచ్చబొట్టుగా పొడిచిన అంకె చూసి, రిజిస్టరులో ఆ అంకె వేసి, క్షయ అనుమానం అని రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం పై ఆఫీసుకి పోతుంది. అంకె అంటే ఆ పంది ఎవరి దొడ్డిలోదో చెప్పే గుర్తు. ఇరవై ఆరేళ్లలో వేరే వేరే అంకెల మీద ఆయన అయిదారుసార్లు అలా రాశాడు. ఆ దొడ్లు ఏమయ్యాయో ఆయనకి తెలియదు. పైకి పోయిన కాగితం సంగతి కిందివాడికి ఎవరూ చెప్పరు, ఈయనా అడగలేదు.

ముప్పై ఒకటి ఆయన అక్కది.

అక్క ఆయనకంటే ఆరేళ్లే పెద్ద. తల్లి పోయేనాటికి ఆయనకి నాలుగు, ఆవిడకి పది. పదేళ్ల పిల్ల నాలుగేళ్లవాణ్ణి చంకనేసుకుని తిరుగుతుంటే చూసినవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఆవిడ పట్టించుకోలేదు. పెళ్లయి వెళ్లేటప్పుడు కూడా, "వీడు నాతోనే వస్తాడు, ఇష్టమైతే చెప్పండి, లేకపోతే లేదు," అని పెళ్లికొడుకు మొహం మీదే అనేసింది. ఆయనెవరో మంచివాడు, సరేనన్నాడు. ఈయన పెళ్లి మాటెత్తితే, "ఒక ఆడమనిషి తిట్లు చాలు నాకు, రెండోది ఎందుకు," అని తప్పించుకునేవాడు. రెండు గదుల్లో ఒంటిగా ఉంటూ, ఆదివారం తెల్లారేసరికి అక్క ఇంట్లో వాలేవాడు. బావ పోయాక కూడా అది ఆగలేదు.

ఆ ఇంట్లో ఇప్పుడు అక్క, కోడలు, ఏడేళ్ల మనవరాలు ఉంటారు. కొడుకు లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే. మనవరాలు నిలకడగా కూర్చున్నది ఎవరూ చూడలేదు, గోడలూ కిటికీలూ ఎక్కేసేది. అందుకని దాన్ని ఉడత అంటారు. పెరట్లో ఇరవై పాతిక పందుల దొడ్డి, ఒక్క ఆవు. ఆ ఆవంటే అక్కకి ప్రాణం. పితగ్గానే నురగతో ఉన్న గుమ్మపాలు ఉడతకి ఒక గ్లాసు. మిగతావి కాయకుండానే తేరబెట్టి, మీగడ తీసి వెన్న చేసేది. మీగడ తీసిన పాలు పందుల తొట్లోకి. "పాలు తాగే పందులురా నావి. ఈ భోగం ఇంకెవరి పందులకుందో చెప్పు," అని మురిసిపోయేది.

నాలుగేళ్ల కిందట ఒకరోజు పొద్దున్నే ముప్పై ఒకటో అంకె పంది వరసలో వచ్చింది. కుడి దవడ కింద కోత పెట్టగానే కత్తి కరకరమంది.

ఎర్ర తాడు చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉంది. కాని ఆ ముందటేడే పక్క వీధి దొడ్డికి ఏదో జ్వరం తగిలి, ఆఫీసువాళ్లు ముసుగులేసుకుని వచ్చి, నూట ఇరవై పందుల్ని ఒక్క పూటలో చంపి గోతిలో పూడ్చారు. అక్క ఆ గొయ్యి చూసి వచ్చి రెండు రోజులు ముద్ద ముట్టలేదు. "నాకే గనక అలా జరిగితే నన్నూ ఆ గోతిలోకే తోసెయ్యండిరా," అంది. ఆ మాట ఆయన చెవుల్లో గింగురుమంది. కత్తి మొనతో బిళ్లని చుట్టూ కోసి, ఊడబెరికి, కాళ్ల కింద పారే కాలవలోకి జారవిడిచాడు. ఎవరూ చూడలేదు. గొలుసు తన మానాన తను పోతూనే ఉంది.

మరీ అంత కానిపని చేయలేదని ఆయన తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఆ తలని జనం నోట్లోకి పంపలేదు కదా. తల పారేశాడు, పేగులు పారేశాడు, మిగతాదంతా ఒకటికి రెండుసార్లు వెతికి చూశాడు. కారణం రాసే గడిలో మాత్రం 'తలకి దెబ్బ' అని రాశాడు. దెబ్బ తగిలి కమిలిన తలలు పారేయడం మామూలే, దానికి పైకి కాగితం పోదు. ఎవరికీ నష్టం లేదు, అక్క చల్లగా ఉంటుంది అనుకున్నాడు. వేరేవాళ్ల అంకె కనబడితే తాడు లాగిన చెయ్యే ఇది అన్న సంగతి మాత్రం తలుచుకోలేదు.

మొదటిసారి ఆ గడి దగ్గర కలం ఆగింది. మూడోసారికి ఆగలేదు. నాలుగేళ్లలో ముప్పై ఒకటో అంకె పందులు పంతొమ్మిదింటికి తలకి దెబ్బలు తగిలాయి. ఆ మొదటి ఏడే ఆయనకి పాలు పడటం మానేశాయి. "కడుపులో మంటగా ఉంటోందక్కా, నాకు పాలు వద్దులే," అంటే అక్క ఆదివారం ఆదివారం ఆయనకి విడిగా చిన్న గిన్నెలో పాలు లేని టీ కాచి, మూడు చెంచాల చక్కెర వేసి ఇచ్చేది. "నాకంటే నువ్వే ముసలాడివైపోయావు," అని ఆటపట్టించేది.

ఈ ఏడు కబేళాకి ఒక పశువుల డాక్టరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చెవి మీద పెన్సిలు, ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉండే నోరు. పందుల్లో క్షయ ఎక్కడెక్కడ, ఎంత ఉంది, ఎక్కణ్ణుంచి వస్తోంది అని లెక్కతీయడం ఆవిడ పని. నెల రోజులు ఇక్కడే ఉండి ప్రతి బిళ్లా చూస్తానంది. మొదటిరోజే బిళ్లలాయన పక్కన నిలబడి చూసి ముచ్చటపడింది. "మిగతా చోట్ల ఒక పక్కే కోసి వదిలేస్తున్నారు బాబాయ్‌గారూ. రెండు పక్కలా ఇంత శ్రద్ధగా కోసేవాళ్లని మిమ్మల్నే చూశాను. మీ రిజిస్టర్లు కూడా ముత్యాల్లా ఉన్నాయి. పాతవన్నీ నాకు కావాలి," అంది. మేస్త్రీ అందరికీ వినబడేలా చప్పట్లు కొట్టాడు. బిళ్లలాయనకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కత్తి కడగడం మొదలుపెట్టాడు, అప్పటికే కడిగిన కత్తిని.

మధ్యాహ్నం విరామంలో బల్ల దగ్గర ఆవిడ విప్పి చెప్పింది. ఈయన అడక్కపోయినా చెప్పింది.

"దవడ కింద, పేగుల పక్కన బిళ్లలకి పట్టిందంటే అది తిన్నదాంట్లోంచి వచ్చినట్టు. ఊపిరితిత్తుల్లోనే ఉంటే గాల్లోంచి. పందికి చాలామటుకు నోటిలోంచే వస్తుంది. జబ్బు కోళ్లు తిరిగిన చోట తవ్వుకు తిన్నా రావచ్చు. దగ్గేవాళ్ల ఎంగిలి పోసినా, జబ్బు ఆవు పాలు కాయకుండా పోసినా రావచ్చు. పంది పాపం ఎక్కణ్ణుంచో తెచ్చుకునేదే గాని, పంచిపెట్టేది తక్కువ. ఇంకెక్కడో ఉన్న జబ్బుని మనకి చూపించి పోతుంది. అందుకే నేను పంది తల దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తాను."

బిళ్లలాయన టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "అయితే డాక్టరమ్మా, ఒక పందిలో కనబడితే ఆ దొడ్డంతా..." అని మాట పూర్తిచేయకుండా అరచేత్తో బల్లని పూడ్చినట్టు చూపించాడు.

ఆవిడ నవ్వింది. "అబ్బే, ఎందుకండీ? ఇదేం ఆ జ్వరం లాంటిది కాదు. ఆ తల పారేస్తాం, మిగతాది చూసి వదిలేస్తాం. వెళ్లి తొట్లో ఏం పోస్తున్నారో చూస్తాం. అది ఆపితే ఆ దొడ్డిలో జబ్బు దానంతటదే పోతుంది. పందుల్ని చంపితే ఏం వస్తుంది, అసలుది అక్కడే ఉండగా?"

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. దేనికి భయపడి నాలుగేళ్లు దొంగరాతలు రాశాడో, అది అసలు లేనే లేదు. ఒక్కసారి ఎవర్నైనా అడిగి ఉంటే ఒక్క మాటలో తేలిపోయేది. ఇప్పుడైనా నోరు విప్పితే సరిపోయేది. విప్పలేదు. నాలుగేళ్ల కిందట అయితే ఒక తప్పు ఒప్పుకోవాలి, ఇప్పుడు పంతొమ్మిది ఒప్పుకోవాలి. పని ఉందని లేచి వెళ్లిపోయాడు.

శుక్రవారం నాడు డాక్టరమ్మ వరస దగ్గరికి రిజిస్టరు పట్టుకునే వచ్చింది. "బాబాయ్‌గారూ, ఇదొక్కటి నాకు అంతుపట్టలేదు. ఈ ముప్పై ఒకటోవాళ్ల పందులేమిటి ఇలా తలలు బాదుకుంటున్నాయి? కబేళా మొత్తానికి ఏడాదికి పది తలలకి దెబ్బలు తగిలితే, అందులో సగం ఈ ఒక్క దొడ్డివే."

ముప్పై ఒకటి ఎవరిదో మేస్త్రీకి తెలియదు, అంకెల గొడవ ఆయనకి పట్టదు. "ఆ ఇంట్లో అత్తాకోడళ్లు కొట్టుకుంటున్నారేమో డాక్టరమ్మా, వినలేక పందులు గోడకి తల కొట్టుకుంటున్నాయి," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. బిళ్లలాయన కూడా నవ్వాడు. తన అక్క మీద, కోడలు మీద వేసిన ఆ మాటకి తను నవ్విన నవ్వు ఆయనకి ఇప్పటికీ వినబడుతూ ఉంటుంది.

"ఆ దొడ్డి గుమ్మం పొట్టిది లెండి," అన్నాడు నీళ్లు నములుతూ.

"ఓహో," అని ఆవిడ పెన్సిలుతో రాసుకుంది. "అయితే ఒకసారి వెళ్లి ఆ గుమ్మం చూడాలి."

ఆదివారం వచ్చింది. ఎప్పటిలాగే ఉడత ఎదురొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని వేలాడింది. వేలాడుతూనే తల పైకెత్తి, "తాతా, నాకూ బిళ్లలొచ్చాయి! నువ్వు బిళ్లలాయనవి కదా, చూసి ముద్ర వెయ్యి," అంది.

కోడలు వంటింట్లోంచే చెప్పింది: "రెండు నెలలైంది మావయ్యగారూ. సందు చివర డాక్టరు గొంతు వాపని మందు పోశాడు. తగ్గలేదు. నొప్పి లేదంటుంది, ఆడుకుంటోంది. సాయంత్రాలు మాత్రం ఒళ్లు కాస్త వెచ్చబడుతోంది."

ఆయన అరుగు మీద కూర్చుని ఉడతని మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు. పిల్ల గడ్డం పైకెత్తి, కళ్లు గట్టిగా మూసుకుని, నవ్వు ఆపుకుంటూ నిలబడింది. ఇరవై ఆరేళ్లుగా చచ్చిన మెడల్ని తడిమిన వేళ్లు, మొదటిసారి ఒక ప్రాణమున్న మెడ మీద ఆనాయి. కుడి దవడ కింద మూడు బిళ్లలు. ఒకదానికొకటి అంటుకుపోయి, గట్టిగా, నొక్కితే జరగకుండా. చోటు అదే. పరిమాణమే చిన్నది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"లేదు, గిలి!" అని మెలికలు తిరిగింది ఉడత.

కత్తి లేకుండానే ఆ కరకర ఆయన వేళ్లకి వినబడింది. అంతలో అక్క పాక లోంచి నురగ పొంగుతున్న గ్లాసు పట్టుకుని వచ్చింది. ఉడత రెండు చేతులా అందుకుని, ఊపిరి తీసుకోకుండా గటగటా తాగసాగింది. ఆ గ్లాసు లాగి అవతల పారేయాలని ఆయనకి లోపలినుంచి తన్నుకొచ్చింది. లాగలేదు. "పాలు కాచి ఇవ్వకూడదా అక్కా," అన్నాడు, అదీ గొంతు లోపల.

"కాస్తే అందులో ఏముంటుందిరా బలం? నువ్వూ ఇలాగే తాగి పెరిగావు, మర్చిపోయావా," అంది అక్క, పాలమీసం కొంగుతో తుడుస్తూ.

గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆయన చూస్తూ కూర్చున్నాడు. పెద్దమనిషి, రెండు చేతులూ ఉన్నవాడు, నోరున్నవాడు, అడుగు కనబడేదాకా చూస్తూ కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర కోడలితో మాత్రం, "రేపే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమ్మా, ఆలస్యం చెయ్యకు," అని చెప్పి, ఆవిడ ఎందుకని అడిగేలోపు వీధిలోకి దిగిపోయాడు.

సోమవారం పొద్దున వరసలో ముప్పై ఒకటో అంకె పందులు ఆరు వచ్చాయి. డాక్టరమ్మ పక్కనే ఉంది. నాలుగో పందికి కత్తి కరకరమంది. ఇక్కడ జరిగింది చెప్పుకోడానికి సిగ్గే, అయినా జరిగింది జరిగినట్టు చెప్పాలి. రాత్రంతా ఆలోచించి ఒప్పుకుందామనుకుని వచ్చిన మనిషి చెయ్యి, తనంతట తనే, అలవాటుగా, బిళ్లని చుట్టూ కోసి ఊడబెరికేసింది. కాలవలోకి జారవిడవడం ఒక్కటే తరువాయి. అప్పుడు తన పిడికిలి కేసి చూసుకున్నాడు. రెండో చేత్తో ఎర్ర తాడు లాగాడు. గొలుసు కీచుమని ఆగింది. అంత పెద్ద గదిలో నీళ్లు కారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

పిడికిలి విప్పి డాక్టరమ్మకి చూపించాడు. "ఆ గుమ్మం పొట్టిది కాదు డాక్టరమ్మా. పొడుగ్గానే ఉంటుంది. ముప్పై ఒకటి మా అక్కది. ఆ పంతొమ్మిదీ దెబ్బలు కావు, ఇవే."

డాక్టరమ్మ అరవలేదు. పెన్సిలు చెవి మీంచి తీసి, మెల్లిగా అడిగింది. "తొట్లో ఏం పోస్తారు?"

"మీగడ తీసిన పాలు."

"కాచినవా?"

"కాదు."

"ఇంట్లో ఆ పాలు ఎవరైనా అలాగే తాగుతారా?"

ఆయన తన దవడ కిందే వేలు పెట్టి చూపించాడు. "ఏడేళ్లు," అన్నాడు.

ఆ రోజు ఆఫీసులో ఆయన చేత రాయించుకున్న కాగితంలో ఒక వాక్యం ఇలా ఉంది: 'అక్క మీద ప్రేమ వల్ల దాచాను తప్ప, ఇది పాల వల్ల వస్తుందని, పిల్లకి ప్రమాదమని నాకు తెలియదు.' డాక్టరమ్మ అది చదివి పక్కన పెట్టింది. "మీ అక్కగారికి నేను చెప్పనా, మీరు చెబుతారా?" అని మాత్రం అడిగింది. తనే చెబుతానన్నాడు.

ఆయన వెళ్లేసరికి సాయంత్రం పాలు పిండే వేళ. అక్క పాకలో పీట మీద కూర్చుని, మోకాళ్ల మధ్య బకెట్టు పెట్టుకుని ఉంది. కోడలు ఉడతని తీసుకుని ఆసుపత్రికి వెళ్లి ఇంకా రాలేదు. ఆయన గడప మీద నిలబడి, ఆవు వీపు మీదుగా, మొదటి పంది దగ్గర్నుంచి అంతా చెప్పాడు. కొంతసేపు పాలధార చప్పుడు ఆగకుండా వినబడింది. తర్వాత ఆగిపోయింది.

"పంతొమ్మిదా?" అంది.

"పంతొమ్మిది. ఇవాళ్టిది కాక."

"ఒక్కసారన్నా నాతో అనలేకపోయావురా?"

"నీ పందుల్ని పూడ్చేస్తారనుకున్నానక్కా. గోతిలో తోసెయ్యమన్నావు నువ్వు..."

"నోటికొచ్చింది వంద అంటాను నేను! నా చంకనెక్కినప్పట్నుంచీ నన్నెరిగినవాడివి, ఏది నిజంగా అన్నానో తెలీదూ?" అని లేచింది. బకెట్టు ఎత్తి పాలన్నీ పాక వెనక మట్టిలో గుమ్మరించింది. వంగిన మనిషి వంగినట్టే ఉండి, "దానికి నా చేత్తో నేనే పోశాను కదరా. రోజూ. తాగనంటే బతిమాలి పోశాను," అంది.

"పాల సంగతి నాకు తెలియదక్కా. నిజంగా తెలియదు."

అక్క నిటారుగా లేచి, తమ్ముడి మొహంలోకి చాలాసేపు చూసింది. లోపలికి వెళ్లి తలుపు దగ్గరికేసుకుంది.

డాక్టరమ్మ మర్నాడే వచ్చి, జబ్బుంటే వాస్తుందని చెప్పి, ఆవు మెడ చర్మంలోకి సూది వేసింది. మూడో రోజుకి అక్కడ నిమ్మకాయంత వాచింది. నున్నగా, నిగనిగలాడుతూ, ఒక్కసారైనా మేత మానని ఆవు. లోపల ఊపిరితిత్తులూ పొదుగూ జబ్బుతో నిండిపోయి ఉన్నాయని తర్వాత కోసి చూసినప్పుడు తెలిసింది. బండి ఎక్కించేటప్పుడు అక్క దాని నుదుటి మీద చెయ్యి వేసి నిలబడింది. పందులు ఒక్కటి కూడా పోలేదు. కోడలికీ అక్కకీ పరీక్షలు చేస్తే ఏమీ లేదని తేలింది. ఉడతకి మెడలోకి సూది గుచ్చి చూసి, క్షయేనని చెప్పి, తొమ్మిది నెలలు మాత్రలు మింగమన్నారు. ఒక బిళ్ల ఈలోపే పగిలి, దవడ కింద పుండై, నెలల తరబడి కారింది. అది మానినా ముడత పడిన మచ్చ మిగిలింది. పిల్ల మాత్రం ఆ మాత్రల వల్ల ఉచ్చ నారింజ రంగులో వస్తోందని బళ్లో అందరికీ చెప్పుకుని గొప్పలు పోయిందట.

బిళ్లలాయన చేతిలోంచి కత్తి తీసేసుకున్నారు. ఇప్పుడు పెరటి వైపు కొక్కేలు కడుగుతాడు. వరస దగ్గర కొత్తగా ఒకమ్మాయి నిలబడుతోంది. ముప్పై ఒకటో అంకె వచ్చినప్పుడల్లా ఆయన చేతులు తుడుచుకుని వెళ్లి, "ఎలా ఉన్నాయమ్మా?" అని అడుగుతాడు. "శుభ్రంగా ఉన్నాయి," అంటుంది ఆ అమ్మాయి. ఆవు పోయిన ఏడాదిలోపే ఆ దొడ్డిలో జబ్బు లేకుండా పోయింది, డాక్టరమ్మ చెప్పినట్టే, దానంతటదే. మొదటి పందికే తాడు లాగి ఉంటే అప్పుడూ ఇంతే జరిగేది. అప్పటికి ఉడతకి మూడేళ్లు.

ఆదివారాలు వెళ్లడం మానేశాడు. ముఖం చెల్లలేదు. ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. తొమ్మిది నెలలు అలా గడిచాక కోడలు ఫోను చేసింది. "ఇవాళ ఆఖరి మాత్ర మావయ్యగారూ. తాత ఎదురుగా ఉంటేనే మింగుతానని కూర్చుంది."

వెళ్లాడు. ఉడత అందరి ముందూ మాత్ర నాలిక మీద పెట్టుకుని చూపించి, మింగి, నోరు తెరిచి చూపించింది. తర్వాత వచ్చి, ఆయన వేలు తీసుకుని తన మచ్చ మీద పెట్టుకుని, "ఇదే నా ముద్ర," అంది. ఆయనకి తల కొట్టేసినట్టయింది. పిల్ల నవ్వుతుంటే నవ్వలేక, నేల చూపులు చూశాడు.

వంటింట్లో అక్క కొట్టు నుంచి తెచ్చిన పాలు పొయ్యి మీద పెట్టింది. ఒక పొంగు వచ్చింది, దించలేదు. రెండో పొంగు, మూడో పొంగు దాకా ఉంచింది. టీ కలిపి కోడలికి, ఉడతకి, తనకి గ్లాసుల్లో పోసింది. ఆపైన చిన్న గిన్నె తీసి కడిగి, నీళ్లు పోసి, పొయ్యి మీద పెట్టింది.

"అదెందుకత్తయ్యా? ఇందులో ఇంకా ఉంది, మావయ్యగారికీ ఇదే పోయండి. బాగా కాగాయిగా," అంది కోడలు.

"వాడికి పాలు పడవు," అంది అక్క. గొంతులో కోపం లేదు, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పింది. "మొదటి పంది తల పారేసిన ఏడే పడటం మానేశాయి. ఏరా, అంతేనా?"

పాల సంగతి తెలియదని ఆఫీసు కాగితం మీద రాశాడు, అక్క ఎదుట చెప్పాడు, పడుకునేముందు రోజూ తనకి తాను చెప్పుకున్నాడు. అన్నిసార్లు చెప్పుకుని దాదాపు నమ్మేశాడు కూడా. పాతికేళ్ల కిందట ఉద్యోగం నేర్పేటప్పుడు చదివించిన పుస్తకంలో, కాయని పాలల్లోంచి క్షయ వస్తుందని రాసిన పేజీ ఆయనకి ఎక్కడో గుర్తుంది. తన నోటిని మాత్రం కాపాడుకునేంత గుర్తుంది.

అక్క పాలు లేని టీ ఆయన ముందు పెట్టి, ఉడత పక్కన కూర్చుంది. బిళ్లలాయన గ్లాసు ఎత్తి ఒక గుటక తాగాడు. మూడు చెంచాల చక్కెర, ఎప్పటిలాగే సరిగ్గా వేసింది.